నాయన పంచెతో చేసిన నక్షత్రం

పోయిన వారం సాయంత్రం పాల ప్యాకెట్ తెచ్చుకుందామని కిందికి దిగాను. తిరిగి వస్తూ ఎందుకో తలెత్తి చూశాను. మా పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్ల బాల్కనీకి క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది. పెద్దది. తెల్లది. ఎక్కడా ఒక్క రంగు చుక్క కూడా లేదు. చేతిలోని పాల ప్యాకెట్ జారి మెట్ల మీద పడి పగిలింది. దాని సంగతి కూడా పట్టించుకోలేదు.

పైట తల మీదికి లాక్కుని నేరుగా వాళ్ల తలుపు కొట్టాను. చిన్న వయసు పిల్ల, పెళ్లై ఏడాది కూడా అయినట్టు లేదు, నవ్వు ముఖంతో తలుపు తీసింది. అయ్యో, ఈ పిల్లకింకా దుఃఖం తెలిసినట్టు లేదే అనుకుని రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఎవరమ్మా పోయింది?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "ఎవరు పోయినారు ఆంటీ?"

"నిన్నే కదమ్మా అడుగుతాండేది."

"నాకేం తెలుసు ఆంటీ? మా అమ్మకేమన్నా అయిందా? మీకు ఫోన్ చేసినారా?" అంటూ ఆ పిల్ల అప్పుడే ఏడుపు అందుకుంది. లోపలి నుంచి మొగుడు లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురం గుమ్మంలో నిలబడి ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ వణికిపోయాం. చివరికి నేను బాల్కనీ వైపు చెయ్యి చూపించాను.

"ఆ స్టారా?" అంది ఆ పిల్ల, కళ్లు తుడుచుకుంటూ. "ఆన్‌లైన్‌లో తెప్పించినాం ఆంటీ. ఇప్పుడందరూ తెల్లదే పెడ్తాండారు. నీట్‌గా ఉంటాదని."

నీట్‌గా ఉంటుందట! నవ్వాలో తిట్టాలో నాకు తెలియలేదు. పాపం, మంచి పిల్ల. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఈసారి ఇల్లు మారిన ఖర్చులు మీదపడ్డాయనీ, ఆ స్టార్ తప్ప మిగిలినవన్నీ, కేకూ ఉండలూ తోరణాలూ, ఫోన్‌లో చూసి ఇంట్లోనే చేసుకుంటున్నామనీ చెప్పింది. "మీ చిన్నప్పుడు దుడ్లు లేకపోతే పండగ ఎట్ల చేసుకుంటాంటిరి ఆంటీ?" అని అడిగింది. దుడ్లున్న పండగ మేం యాడ చూసినాంలేమ్మా అన్నాను. తెల్ల నక్షత్రం చూస్తే నాకు కాళ్లెందుకు ఆడవో మాత్రం చెప్పలేదు. పండగ పూట వాళ్లింట్లో కూర్చుని చెప్పే కథ కాదది. ఇక్కడ చెప్పుకుంటాను.

మా ఊరు ఆదోని దగ్గరి కోసిగి పక్కన. వాన పడితే పంట, పడకపోతే వలస. ఊరి చివర మా వాడ, వాడ నడిమధ్య మట్టి గోడల చర్చి. మేం దాన్ని గుడి అనే అనేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే వాడలో ప్రతి ఇంటి మీదా పొడుగాటి గడ నిలబెట్టి, దాని కొసన నక్షత్రం కట్టేవాళ్లం. కంది కట్టెలు విరిచి అయిదు మూలలుగా బిగించి, చింతగింజల బంకతో రంగు కాగితాలు అతికించి, సందెవేళ లోపల చిన్న బుడ్డి దీపం పెట్టి తాడుతో పైకి లాగేవాళ్లం. ఎర్రవి, పచ్చవి, ఊదావి. స్టేషన్ నుంచి వచ్చే దారిలో గుట్ట ఎక్కి చూస్తే పగలైనా సరే ఏ నక్షత్రం ఎవరింటిదో వేలు పెట్టి చూపించేయొచ్చు.

ఆ ఏడాదిలో చావు జరిగిన ఇల్లు మాత్రం తెల్ల నక్షత్రం కట్టేది. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు. చావింట్లో పండగ పూట చీకటి ఉండకూడదు, అలాగని రంగులూ ఉండకూడదు అని పెద్దలు ఆలోచించి పెట్టి ఉంటారు. పాటల గుంపు ఇల్లిల్లూ తిరుగుతూ ఆ ఇంటి ముందుకు రాగానే డప్పు ఆపేసేది. ఒక్క పాట మెల్లగా పాడి, ఆ ఇంట్లో ఏమీ తీసుకోకుండా, తమ దగ్గరున్న పిండివంటలే గుప్పెడు గుమ్మంలో పెట్టి కదిలేది. తెల్ల నక్షత్రమంటే ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టు. మా వాడలో మాటలు నేర్చిన ప్రతి పిల్లకీ ఈ సంగతి తెలుసు.

నేను పావడా జాకెట్టు వేసుకుని బడికి పోయే వయసులో ఒక ఏడు వానలు బొత్తిగా ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. నాయన వాడలో కొందరితో కలిసి తుంగభద్ర అవతలికి, కాలువ కింద వరికోతలకు పోయాడు. కూలి కింద బియ్యం ఇస్తారట. పోయే ముందు నన్నూ తమ్ముడినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు.

"పండగ ముందు దినానికి వచ్చేస్తా. బియ్యం మూట తెస్తా. అవ్వతో అత్తిరాసాలు చేపిచ్చుకుందాం" అన్నాడు.

జొన్నరొట్టె, కొర్రన్నం తిని పెరిగిన మాకు బియ్యమనే మాటకే నోట్లో నీళ్లూరేవి. ఇక అత్తిరాసాలంటే చెప్పాలా! బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి నూనెలో వేస్తే, ఆ వాసనకు వాడలోని పిల్లలంతా మా గుమ్మంలోనే ఉండేవాళ్లు. ఆ నెలంతా తమ్ముడు కనిపించిన వాళ్లందరికీ "మా నాయన బియ్యం తెస్తాండాడు" అని చెప్పుకు తిరిగాడు.

నాయన నుంచి కబురు లేదు. ఏటి అవతలి మనిషి సంగతి తెలియాలంటే ఆ పక్క నుంచి ఇంకో మనిషి రావాల్సిందే. ఇంతలో మా పక్క చలిజ్వరాలు మొదలయ్యాయి. వాడలో ముసలాయన ఒకరు పోయారు కూడా. అమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ, చెనిక్కాయ, అదే వేరుశనగ, చేన్లలో పని అయిపోగానే రోజూ గుట్ట దాకా పోయి స్టేషన్ దారి చూసి వచ్చేది.

పండగ పెత్తనమంతా అవ్వది. అవ్వంటే నాయన వాళ్లమ్మ. నోరు పెద్దది, నశ్యం పీల్చకపోతే ఇంకా పెద్దది. ఇంట్లో పైసా లేదని అమ్మ దిగులుపడితే ఎగిరి పడేది. "దుడ్లు లేకపోతే ఏమ్మే, చేతులు లేవా? యేసుస్వామి పుట్టిన పొద్దు వాళ్లింట్లో మాత్రం యాముండె? పశువుల పాకలో కన్నాది ఆయమ్మ!" అనేది.

అవ్వ మట్టి మంగలంలో ఇసుక కాచి, తడి చేసిన జొన్నలు గుప్పెడు గుప్పెడు వేసి చీపురు పుల్లలతో తిప్పేది. జొన్నలు చిటపటలాడుతూ తెల్లగా విచ్చుకునేవి. వేగిన జొన్న, కాలిన ఇసుక, పుల్లల పొగ, ఆ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ పేలాలను బెల్లం పాకంలో వేసి ఉండలు కట్టింది. అమ్మ కోసేసిన చేన్లలో పరిగె ఏరి కొంగులో తెచ్చిన చెనిక్కాయలు వేయించి ఇంకొన్ని ఉండలు. మిగిలిన బెల్లం ముద్ద ఉట్టి మీద కుండలో దాచింది. ఆ సంగతి మాకంటే ముందు చీమలు కనుక్కున్నాయి. తమ్ముడు చీమలతో సహా నాకేసి నాలుక వాచి, తిండి మానేసి కూర్చున్నాడు. అవ్వ వాడి వీపు మీద ఒకటి వేసి, తర్వాత వాడి నాలుకకు వెన్న రాసింది.

చెనిక్కాయ పొట్టు డిప్పలు దారానికి గుచ్చి నేను తోరణాలు కట్టాను. నల్లరేగడి మట్టితో తమ్ముడు పశువుల పాక చేశాడు. ఆవు, గొర్రె బాగానే వచ్చాయి. ఒంటె దగ్గరే వాడి పనితనం దెబ్బతింది. మమ్మల్ని చూడవచ్చిన పాస్టరయ్య వంగి చూసి అదిరిపడ్డాడు.

"ఈ పంది యాడ నుంచి వచ్చెరా బెత్లెహేముకు?"

"అది ఒంటె అయ్యగారూ! కూసోనుండాది!" అని తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. పాస్టరయ్య వాడి బుగ్గ నిమిరి, అవును, కూర్చున్న ఒంటె ఇట్లనే ఉంటాది అని ఒప్పుకున్నాడు.

అన్నీ అయ్యాయి, నక్షత్రం ఒక్కటే మిగిలింది. రంగు కాగితాలు ప్రతి ఏడూ నాయనే ఆదోని నుంచి తెచ్చేవాడు. ఈసారి తెచ్చేవాళ్లు లేరు. అవ్వ పెట్టె తీసి నాయన పాత పంచె బయటికి లాగింది. ఎన్నో ఉతుకులకు పలచబడి, దీపం పెడితే వెలుగు బాగా కనిపించేలా ఉంది.

అమ్మ గబుక్కున పంచె లాక్కుంది. "తెల్ల గుడ్డతోనా? వద్దత్తా. ఆ మనిషి ఏటి అవతల ఉండాడు. తెల్లది నా ఇంటి మీద ఎగరనియ్యను."

"నాకు తెలీదా? నా కొడుకు కాదా?" అంది అవ్వ. "రంగు అద్దుదాం. పిల్లోళ్లను పంపిస్తా నాగజెముడు పండ్లకు."

గుట్ట మొదట్లో నాగజెముడు పొదలు మనిషెత్తు పెరిగి ఉండేవి. వాటి పండ్లు ఎర్రగా ఉంటాయి గానీ, ఒళ్లంతా కంటికి కనపడని నూగు ముళ్లు. చీల్చిన పుల్లతో పండును పట్టి తెంపి, ఇసుకలో దొర్లించి, గోనెపట్టతో రుద్దితేనే చేత్తో పట్టుకోగలం. లోపలి గుజ్జు రాణి రంగు. తమ్ముడు గంపలో వేసినవాటికంటే నోట్లో వేసినవే ఎక్కువ. ఇంటికొచ్చి కుండలో పిసికి వడగట్టి, పంచె చింపిన గుడ్డలన్నీ అందులో ముంచాం. అవ్వ నశ్యం అయిపోయిందని పక్కింటికి పోయింది. తమ్ముడు కడుపునిండా పండ్లు తిని అరుగు మీద అడ్డంగా పడి నిద్రపోయాడు.

అప్పుడే అమ్మ కట్టెల మోపుతో వచ్చింది. అరుగు మీద కొడుకు కదలకుండా పడున్నాడు. నోటి చుట్టూ ఎరుపు, చొక్కా మీద ఎరుపు. నేను మోచేతుల దాకా ఎర్రటి చేతులతో నాయన పంచె గుడ్డలు పిండుతున్నాను. అమ్మ తల మీది మోపు దబ్బున కిందపడింది. ఆమె వేసిన కేక గుడి దాకా వినబడిందట.

"నెత్తురో! నా బిడ్డకు ఏమాయెనో!"

వాడంతా వచ్చిపడింది. ఒకాయన గొడ్డలి కూడా పట్టుకొచ్చాడు, ఎవరిని నరకడానికో నాకిప్పటికీ తెలియదు. తమ్ముడు కళ్లు నులుముకుంటూ లేచి ఇంతమందిని చూసి, "మా నాయన వచ్చినాడా?" అని అడిగాడు. అమ్మ వాణ్ని పైనుంచి కింది దాకా తడిమి, గాయం ఎక్కడా లేదని తెలిశాక ఇద్దరినీ చెరో నాలుగు బాది, మమ్మల్నే పట్టుకుని కూర్చుని ఏడ్చింది. కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు పొద్దున తమ్ముడు పెరట్లోంచి గావుకేక పెట్టాడు. వాడి ఉచ్చ ఎర్రగా వచ్చిందట! సచ్చిపోతాండా, సచ్చిపోతాండా అని వాడు గంతులేస్తుంటే అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

నక్షత్రం మాత్రం అదిరిపోయింది. వాడలో అందరివీ కాగితాలు, మాది ఒక్కటే గుడ్డ. అందరివీ ఎరుపు పచ్చలు, మాది ఒక్కటే రాణి రంగు. వాడ పిల్లలు వచ్చి నోరు తెరుచుకుని చూశారు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదనుకోండి. గడ పైకి లేపాక ఇక దాని జోలికి పోలేదు. కిరసనాయిలు పొదుపు చేయాలని పండగ ముందు రోజు దాకా దీపం కూడా పెట్టలేదు. నాయన ఎప్పుడొస్తాడా అని దారి వైపు చూడటమే గానీ, నెత్తి మీద ఏముందో మళ్లీ తలెత్తి చూసినవాళ్లం కాదు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం. అవ్వ చాట అడిగి తెస్తానని వీధి మొదట్లో ఉన్న ఇంటికి పోయింది. అమ్మ గుమ్మానికి సున్నం రాస్తోంది. నేనూ తమ్ముడూ చెనిక్కాయ తోరణం లాగి కడుతున్నాం. వెనక చేన్ల వైపు నుంచి ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. తిరిగి చూస్తే నాయన.

నాయనే. కానీ తల మీద మూట లేదు. భుజాన తువ్వాల లేదు. ఒక కాలికే చెప్పుంది. ముళ్లు గీరుకుని కాళ్లు రక్తాలు కారుతున్నాయి. ముఖం నాకు తెలిసిన ముఖం కాదు. "నాయనా!" అని తమ్ముడు ఎగిరి మీద పడితే వాణ్ని ఎత్తుకోలేదు. తల మీద చెయ్యి వేసి గట్టిగా అదిమి చూశాడు. తర్వాత నా తల. నా చెంప. తర్వాత అమ్మ వైపు తిరిగి, సున్నం చేతుల్తో నిలబడిపోయిన అమ్మ భుజం పట్టుకున్నాడు. ఇంట్లోకి దూరి అటూ ఇటూ చూసి బయటికొచ్చాడు.

"మాయమ్మ యాడ?" అన్నాడు.

అమ్మకు నాయన వాలకం చూసే సగం ప్రాణం పోయింది. ఏటి అవతల ఏం జరిగిందో, ఎవరికేమైందో అని నోరు పెగల్లేదు. తల అడ్డంగా ఊపుతూ ఏడుపు అందుకుంది. నాయన ఇంకేమీ అడగలేదు. నడుము విరిగినట్టు అరుగు మీద కూలబడి, రెండు చేతులతో తల కొట్టుకుంటూ, "మాయమ్మా! కడసూపుకు కూడా లేకపోతినే! మాయమ్మా!" అని పెద్దగా ఏడ్చాడు. నాయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. మగవాళ్లకు అంత గొంతు ఉంటుందని నాకు తెలియదు. తమ్ముడు ఏడ్చాడు. వాణ్ని చూసి నేను. ఎవరం ఎందుకు ఏడుస్తున్నామో ఎవరికీ తెలియదు. ఇరుగూ పొరుగూ చేతిలో పని చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

గుంపు వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఎవురప్పా ఏడ్చేది? జరగండి. ఎవురు పాయ?"

గుంపు విడిపోయింది. చంకలో చాటతో అవ్వ.

నాయన ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. ఆయన అవ్వను చూసిన చూపు నేను మరచిపోలేను. సంతోషం కాదది, భయం. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. అవ్వ చాట కిందపడేసి దగ్గరికొచ్చి ఆయన గడ్డం పట్టుకుంది. "ఏమప్పా, నన్నెట్ల సూస్తాండావు? జరమొచ్చిందా?" అంది. నాయన ఆమె చేతిని పట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా నొక్కి చూసి, ఆమె పాదాల మీద పడిపోయాడు. తర్వాత పడినవాడు పడినట్టే ఉండి, చెయ్యెత్తి పైకి చూపించాడు.

అందరం తలెత్తి చూశాం.

గడ కొసన మా నక్షత్రం తెల్లగా ఉంది. ఉతికి ఆరేసిన పంచె ఎంత తెల్లగా ఉంటుందో అంత తెల్లగా. నా చేతులతో నేను అద్దిన రంగు! నా గోళ్ల సందుల్లో ఇంకా వదల్లేదు, అక్కడ ఆనవాలు కూడా లేదు. ఎవరో రాత్రికి రాత్రి మార్చేశారేమో అనిపించింది. తమ్ముడైతే "దయ్యం! దయ్యం!" అని అమ్మ చెంగులో దూరాడు.

"ఎండ తినేసినాది" అంది అవ్వ మెల్లగా. మొదటిసారి ఆమె గొంతు పెద్దగా లేదు. "పండ్ల రంగు కదా. మన ఎండకు ఆగుతాదా? రోజింత రోజింత పొయ్యుంటాది. మనమెవరన్నా తలెత్తి సూసినామా?"

నాయన కాస్త నీళ్లు తాగి, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. స్టేషన్‌లో దిగగానే ఎవరో మన పక్క జ్వరాలు శానా ఉన్నాయన్నారట. దిగులుగానే నడుస్తూ గుట్ట ఎక్కి చూస్తే, వాడ చివర మా ఇంటి మీద తెల్లది. అది ఎవరిదో వేలు పెట్టి చూసుకోనక్కరలేదు. "కాళ్లు ఆడలేదు. కొంచెంసేపు ఆడనే కూసుంటి. నలుగురిలో ఎవురని తలుసుకోవల్ల? ఒకర్ని అనుకుంటే ఇంకొకరు బతికినట్ల. ఆ మాట అనుకోడానికి నాకు మనసొప్పలేదు. అందుకే పరిగెత్తుకొస్తి" అన్నాడు. అవ్వ తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

ఇంతలో తమ్ముడు అడిగాడు. "నాయనా, బియ్యం?"

నాయన తన తల తడుముకున్నాడు. భుజం చూసుకున్నాడు. అన్ని దినాల కూలి, కరువు ఏట బియ్యం మూట, నడి దారిలో పడేసి వచ్చాడు! అందరూ గుట్ట వైపు పరుగు తీశారు. మూట ఉంది. దాని మీద నాయన తువ్వాల ఉంది. చుట్టూ మేకల మంద కూడా ఉంది. మూట మూతి కొరికి, ఒలికినదంతా తీరిగ్గా తింటున్నాయి. మా అమ్మ ఆ మేకలను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మిగిలిన బియ్యాన్ని మట్టితో సహా ఎత్తుకొచ్చి, అవ్వ ఆ అడిగి తెచ్చిన చాటతోనే చెరిగింది. ఎంత చెరిగినా ఇసుక పూర్తిగా పోలేదు. ఆ పండగ అత్తిరాసాలు పళ్ల కింద కరకరమన్నాయి. అయినా ఒక్కరూ ఊసెయ్యలేదు.

నాయన మాత్రం బియ్యం సంగతి మళ్లీ ఎత్తలేదు. కాళ్లలో ముళ్లు తీయించుకోకుండానే గడ దించి, నాగజెముడు పొదలకు తానే పోయాడు. పుల్ల లేదు, గోనెపట్ట లేదు, ఒట్టి చేతులతో తెంపి తెచ్చాడు. కట్టిన నక్షత్రాన్ని విప్పకుండానే గుడ్డ మీద రంగు పూసి, తడి ఆరకముందే పైకి లేపేశాడు. సందెవేళ పాటల గుంపు వచ్చి మా ముందు నిలబడి పాడుతుంటే, పైనుంచి టప్ టప్ మని చుక్కలు. పాస్టరయ్య కొత్త తెల్ల జుబ్బా నిండా రాణి రంగు మచ్చలు పడ్డాయి. నాయన సిగ్గుతో చచ్చిపోయాడు. పాస్టరయ్య జుబ్బా వైపు చూసుకుని, నలుగురూ నిండుగ ఉండారు కదప్పా, అది చాలు అన్నాడు. పండగ ఆరాధనలో ఆ జుబ్బాతోనే ప్రసంగం చేశాడు.

ఆ తర్వాత నాయనకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ ఊరికి పోయి వచ్చినా వీధి మలుపులో ఆగి కేక వేసేవాడు. "పెద్దదానా! చిన్నోడా! ఏమ్మే! అమ్మా!" అని ఒక్కొక్కరినీ పిలిచేవాడు. అందరం లోపలి నుంచి ఓ అనాలి. అప్పుడు గానీ అడుగు ముందుకు పడేది కాదు. పెద్దయ్యాక నాకు అది భలే తలవంపులుగా ఉండేది. కొత్తగా వచ్చిన అల్లుడి ముందు కూడా నన్ను అలాగే పిలిచాడు. అవ్వ పోయాక కూడా "అమ్మా" అని నోటికొచ్చి, సగంలో మింగేసేవాడు.

నాయన పోయింది చాలా ఏళ్ల తర్వాత, ఒక వానాకాలం. డిసెంబరుకు నేనూ తమ్ముడూ ఊరికి పోయాం. ఈసారి తెల్లది కట్టాలి. ఆయన కట్టి విడిచిన పంచె ఉంది. తమ్ముడు కంది కట్టెలు బిగించాడు. నేను గుడ్డ చింపుతూ అమ్మ కోసం చూశాను. ఎక్కడా లేదు. చాలాసేపటికి అమ్మ గుట్ట వైపు నుంచి గంప చంకన పెట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. గంప నిండా నాగజెముడు పండ్లు. వేళ్ల నిండా ముళ్లు. నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఇదేందిమా?" అన్నాడు తమ్ముడు, నెత్తిన పిడుగు పడ్డట్టు. "మనం తెల్లది కదా కట్టల్ల. వాడలో ఏమనుకుంటారు?"

"తెల్లదే కడ్తాండాం లేరా" అంది అమ్మ, కుండలో పండ్లు పిసుకుతూ. "రంగు అద్ది కడ్తాం. ఎండకు అదే తెల్లగయితాది. ఆ పొద్దు మీ నాయన ఒక్కసారిగ తెల్లది సూసి ఎట్ల పరిగెత్తినాడో మీరు సూడలేదా? నాకు ఒక్కసారిగ సూసే శక్తి లేదు నాయనా. రోజింత రోజింత పోనీ."

ముగ్గురం కూర్చుని గుడ్డలు ముంచాం, పిండాం, కట్టాం. ఈసారి తలెత్తి చూడటం మరిచిపోలేదు. అమ్మ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ రంగు ఎంత పోయిందో చూసేది. ఆ ఏడు మా పక్క ఎన్నడూ లేనంతగా మబ్బులు పట్టాయి. పండగ అయిపోయి నక్షత్రం దించే రోజుకు కూడా మడతల్లో కొంచెం రాణి రంగు మిగిలే ఉంది. అమ్మ ఆ గుడ్డను ఉతకకుండానే మడిచి పెట్టెలో పెట్టుకుంది.